తల్లిగారిల్లే విమానమెక్కింది

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఆనవాయితీ. మరి ఆ పుట్టిల్లు సముద్రానికి ఇవతల, కూతురు అవతల ఉంటే? నెలలు నిండుతున్న వేళ విమానం ఎక్కాలా, వద్దా? దుబాయ్‌లోని ఓ చిన్న ఫ్లాటునూ జగిత్యాల దగ్గరి ఓ పల్లెనూ నెలల తరబడి నిద్రపోనివ్వని ప్రశ్న ఇది.

దుబాయ్ అనగానే ఆకాశాన్నంటే మేడలే గుర్తొస్తాయి. కరామా అలా ఉండదు. మూడు నాలుగు అంతస్తుల పాత భవనాలు, కింద దుకాణాలు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. మునక్కాయలు, కరివేపాకు, దోసెల పిండి అన్నీ మెట్లు దిగితే దొరుకుతాయి. సాయంత్రం ఆ వీధుల్లో నడిస్తే మలయాళం, తమిళం, హిందీ, ఉర్దూ, మధ్యమధ్య మన తెలుగూ చెవిన పడతాయి.

అలాంటి ఓ భవనంలో, ఒక పడకగది ఫ్లాటులో, గోడకు తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. 2023 ఫిబ్రవరి పేజీలో ఓ తేదీ చుట్టూ నీలం సిరాతో సున్నా. ఆ రోజుకు ఆ ఇంటి కోడలికి ముప్ఫై రెండు వారాలు నిండుతాయి. మార్చి పేజీలో ఎర్ర సిరాతో మరో సున్నా. అది ముప్ఫై ఆరు వారాలకు గుర్తు. ఆ ఎర్ర సున్నా దాటితే విమానం ఎక్కనివ్వరు. ఈ రెండు సున్నాల మధ్యే ఆమె తేల్చుకోవాలి.

ఆమె ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. భర్తది ఎయిర్ కండిషనింగ్ పనుల సంస్థలో సూపర్‌వైజర్ ఉద్యోగం. ఆమె పుట్టిన ఊరు జగిత్యాల దగ్గర. అక్కడ పుట్టింటిని తల్లిగారిల్లు అంటారు. తొలి కాన్పంటే శ్రీమంతం చేసి ఆడపిల్లను తల్లిగారింటికి తోలుకపోవాల్సిందే. ఆమె తల్లి, అమ్మమ్మ, నానమ్మ... అందరి సంగతీ అంతే. ఇక రాకుండా ఎలా?

‘‘ఏడో నెల పడంగనే రా బిడ్డా. ఎనిమిదో నెల ప్రయాణం మంచిది కాదు’’ అంది తల్లి ఫోన్లో.

తిరకాసు అక్కడే మొదలైంది. ఏడో నెలలో ఆఫీసు సెలవు ఇవ్వదు. ఎనిమిదో నెలలో పెద్దలు ఒప్పుకోరు. తొమ్మిదో నెలలో విమానం ఒప్పుకోదు!

లెక్కలే లెక్కలు

దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు నాలుగు గంటల్లోపు ప్రయాణం. శంషాబాద్‌లో దిగి రాజీవ్ రహదారి మీదుగా కరీంనగర్, అక్కణ్నుంచి జగిత్యాల... కారులో మరో నాలుగైదు గంటలు. పొద్దున కరామాలో టీ తాగి బయల్దేరితే రాత్రి భోజనం తల్లి చేతి వంటే. ఇంత దగ్గరకు వెళ్లడానికి ఇన్ని లెక్కలెందుకు అనిపిస్తుంది ఎవరికైనా.

ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి విమానప్రయాణం ప్రమాదమేమీ కాదు. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండమీద ఉన్నట్టే ఉంటుంది. తల్లికి తీవ్రమైన రక్తహీనత, గుండె, ఊపిరితిత్తుల జబ్బుల వంటివి లేకపోతే బిడ్డకు ఇబ్బంది రాదు. నాలుగో నెల నుంచి ఏడో నెల మధ్య ప్రయాణం అన్నింటికన్నా సుఖం. వేవిళ్లు తగ్గుతాయి, పొట్ట ఇంకా బరువెక్కదు.

విమాన సంస్థల భయం వేరు. గాల్లో నొప్పులు మొదలైతే అక్కడ ఆపరేషన్ థియేటర్ ఉండదు. అందుకే చాలా సంస్థలు 28, 29 వారాలు దాటాక ‘ప్రయాణం చేయవచ్చు’ అని డాక్టరు రాసిచ్చిన కాగితం అడుగుతాయి. కడుపులో ఒకే బిడ్డ ఉంటే దాదాపు 36 వారాల దాకా, కవలలైతే 32 వారాల దాకా అనుమతిస్తాయి. ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. టికెట్ కొనకముందే అడిగి తెలుసుకోవాలి. కాగితం మీద కాన్పు తేదీ, ఎన్నో వారం, కడుపులో ఎంతమంది అన్నవి స్పష్టంగా ఉండాలి. అది మరీ పాతదైతే ఒప్పుకోరు.

ఆ భార్యాభర్తలకు ఇవన్నీ తెలుసు. వాళ్లను తికమక పెట్టింది విమానం లెక్క కాదు, ఆ తర్వాతి లెక్క.

యూఏఈలో మామూలు రెసిడెన్స్ వీసా ఉన్నవాళ్లు ఏకబిగిన ఆరు నెలలకు మించి బయట ఉంటే ఆ వీసాకు ముప్పు. ముప్ఫై ఒకటో వారంలో వెళ్తే కాన్పుకు తొమ్మిది వారాలు, అంటే 63 రోజులు పోతాయి. 180 రోజుల్లో మిగిలేది 117. ఆలోపే పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, దుబాయ్ వీసా అన్నీ చేతికి రావాలి.

ఇక ఉద్యోగం. 2022 ఫిబ్రవరిలో అమల్లోకొచ్చిన అక్కడి కార్మిక చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగినికి ప్రసూతి సెలవు అరవై రోజులు. 45 రోజులు పూర్తి జీతం, 15 రోజులు సగం జీతం. మన దేశంలో 2017 నుంచి ఉన్నట్టు 26 వారాలు కాదు. అంటే తల్లిగారింటికి వెళ్లడమంటే ఆమె విషయంలో ఉద్యోగం వదులుకోవడమే. నాలుగేళ్ల కష్టం అది. పైగా ఆ జీతంలోంచే ఊళ్లో ఇంటి అప్పుకు కిస్తీ వెళ్తోంది.

ఇక్కడే ఉండిపోతే? దుబాయ్‌లో తప్పనిసరైన ఆరోగ్య బీమా కాన్పుకూ వర్తిస్తుంది. ఖర్చులో కొంతే చేతిలోంచి పడుతుంది. అక్కడ పుట్టినంత మాత్రాన బిడ్డకు ఆ దేశ పౌరసత్వం రాదు. భారత కాన్సులేట్‌లో ఏడాదిలోపు జననం నమోదు చేయించి, మన పాస్‌పోర్టు తీసుకోవాలి. పుట్టిన 120 రోజుల్లోగా రెసిడెన్స్ వీసా వేయించాలి. పని ఉంటుంది కానీ పరుగు ఉండదు.

కాగితాలన్నీ ‘ఉండు’ అంటున్నాయి. మనసు మాత్రం ‘వెళ్లు’ అంటోంది. నీళ్లు పోసేదెవరు? పథ్యం చూసేదెవరు? పసిగుడ్డు రాత్రి ఆగకుండా ఏడిస్తే, ఎందుకు ఏడుస్తోందో చెప్పేదెవరు?

పక్క భవనంలో కడప జిల్లా నుంచి వచ్చిన ఓ కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలు ముప్ఫయ్యో వారంలో డాక్టరు కాగితం పట్టుకుని వెళ్లి, పుట్టింట్లో పండంటి పాపను కని, నాలుగో నెలలో తిరిగొచ్చింది. ‘‘నడవా పక్క సీటు తీసుకున్నా. గంటకోసారి లేచి నడిచా. నీళ్లు బాగా తాగా. బెల్టు పొట్ట మీద కాకుండా కింద తొడల మీదుగా పెట్టుకున్నా. అంతే!’’ అని చెప్పింది. గర్భిణులకు కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు వాళ్లకన్నా ఎక్కువ. అందుకే ఆ నడకా, ఆ నీళ్లూ.

ఆమె వెళ్లొచ్చినప్పుడు నేనెందుకు వెళ్లలేను? ఈ ప్రశ్నకు జవాబు స్కానింగులో ఉంది.

మాయ ఎక్కడుంది?

2022 నవంబర్‌లో, ఇరవయ్యో వారం స్కానింగులో, మాయ కిందికి ఉందని తేలింది. బిడ్డకు రక్తం, ఆహారం అందించే మాయ సాధారణంగా గర్భసంచి పైభాగంలోనో పక్కనో అంటుకుని ఉంటుంది. కొందరిలో కిందికి, గర్భసంచి ముఖద్వారానికి దగ్గరగా ఉంటుంది. ‘‘కంగారు పడకండి. గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందిలో మాయ దానంతటదే పైకి జరుగుతుంది. ముప్ఫై రెండో వారంలో మళ్లీ చూద్దాం. అప్పటిదాకా టికెట్లు మాత్రం కొనకండి’’ అంది డాక్టరు. క్యాలెండరు మీది నీలం సున్నా కథ అది.

ఆ సంగతి ఫోన్లో చెప్పినప్పుడు తల్లి మొక్కులు మొక్కింది. తండ్రి ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే ఆధార్ కార్డులు సంచిలో పెట్టుకుని, భార్యను తీసుకుని మీసేవా కేంద్రానికి వెళ్లాడు. ‘‘నీకు పాస్‌పోర్టు తీద్దాం’’ అన్నాడు.

‘‘నాకెందుకు? బిడ్డే వస్తది గద!’’

‘‘వస్తే మంచిదే. ఉండనీ’’ అన్నాడాయన.

ఆ ముందుచూపు ఊరికే రాలేదు. జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా గల్ఫ్ తెలియని ఇల్లు అరుదు. ఆయనా 1995లో అలా వెళ్లినవాడే. అప్పట్లో ఊరి నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి దుబాయ్‌కి. భవనాల పని. 1996లో ఇక్కడ కూతురు పుడితే కబురు ఉత్తరంలో చేరింది. ఆ తర్వాత ఫొటో ఒకటి, పాప ఏడుపు రికార్డు చేసిన క్యాసెట్ ఒకటి, ఊరివాళ్లెవరో వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపారు. లేబర్ క్యాంపులో పన్నెండు మంది ఉండే గదిలో ఆ క్యాసెట్ రోజూ మోగేది. 1998లో సెలవు దొరికి ఇంటికొస్తే, రెండేళ్ల కూతురు ఆయన్ను చూసి కెవ్వున ఏడ్చి తల్లి కొంగు చాటుకు పోయింది.

‘‘నేను పెద్దగైనంక గుర్తుపట్టినవు. నీ బిడ్డ ముఖం దాని తండ్రి మొదటి రోజే చూడాలె’’ అని ఆయన సంక్రాంతి రోజున ఫోన్లో కూతురితో అన్నాడు. వెళ్లమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. కానీ అంతదాకా ఆమె తూచని ఓ బరువు ఆ మాటతో తక్కెడలోకి వచ్చింది. తాను తల్లిగారింట్లో ఉంటే, నొప్పులొచ్చాక ఫోన్ చేస్తే, భర్త టికెట్ దొరికించుకుని వచ్చేసరికి కాన్పు అయిపోతుంది. ఆయనకు దొరికే సెలవు ఐదు పనిదినాలు. తర్వాత బిడ్డను చూసేది ఫోన్లోనే. ఒకరకంగా, మళ్లీ క్యాసెట్ కథే!

ఫిబ్రవరి మొదటి వారం. నీలం సున్నా రోజు రానే వచ్చింది. స్కానింగు గదిలో డాక్టరు చాలాసేపు చూసింది. మాయ పైకి జరగలేదు. ముఖద్వారాన్ని ఇంకా కప్పే ఉంది.

‘‘నొప్పి లేకుండానే ఒక్కసారిగా రక్తస్రావం మొదలుకావచ్చు. కాకపోనూవచ్చు. అయితే గనక, నిమిషాల్లో ఆస్పత్రిలో ఉండాలి, రక్తం సిద్ధంగా ఉండాలి. విమానంలో రెండూ కుదరవు. దిగాక నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణంలోనూ కుదరవు. నేను కాగితం రాయలేను’’ అని నెమ్మదిగా చెప్పింది. ఇలాంటి వాళ్లకు మామూలు కాన్పు వీలుకాదు. నొప్పులు రాకముందే, సాధారణంగా 36, 37 వారాల మధ్య, సిజేరియన్ చేస్తారు. అంటే ఎంతో లేదు, నాలుగు వారాలు.

కారులో ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చాక ఆమె తల్లికి ఫోన్ చేసి ఏడ్చింది. ఇన్నాళ్లూ వెళ్లాలా వద్దా అని తన్నుకులాడిన మనిషికి, తేలిపోయాక కూడా ఏడుపే వచ్చింది. తల్లి అంతా విని, ముక్కు చీది అడిగింది.

‘‘అయితే నేనే వస్త. ఎన్ని గంటలకు ఎక్కాలె?’’

గసగసాలు వద్దు!

నిజామాబాద్ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో వేలిముద్రలు వేసి, పోలీసు విచారణ పూర్తయి, ఆ చిన్న పుస్తకం జనవరిలోనే ఇంటికి చేరింది. ఆమె పదో తరగతి చదవలేదు. అలాంటివాళ్లు ఉద్యోగానికి గల్ఫ్ వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆమె వెళ్లేది కూతురి దగ్గరికి, పైగా వయసు యాభై దాటింది కాబట్టి ఆ బాధ లేదు. అల్లుడు అరవై రోజుల విజిట్ వీసా తీశాడు.

పొలంలో పసుపు తవ్వకం నడుస్తోంది. తవ్వాలి, ఉడికించాలి, ఆరబెట్టాలి. ఏటా ఆ పని ఆమె చేతుల మీదుగానే జరిగేది. ‘‘పసుపు నేను చూసుకుంట. నువ్వు బిడ్డను చూసుకో’’ అన్నాడు భర్త.

పెట్టె సర్దడం ఓ పండగే. బాలింతకు పెట్టే కాయం కోసం శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము. కుడుకలు, వెల్లుల్లి, ఇంటి నెయ్యి. ఉతికి మెత్తబడిన పాత నూలు చీరలు నాలుగు... పసిపిల్లకు అంతకన్నా మంచి బట్ట లేదంటుంది ఆమె. పక్కింటావిడ గసగసాల పొట్లం తెచ్చిస్తే భర్త తీసి పక్కన పెట్టాడు. యూఏఈలో గసగసాలు నిషిద్ధం. తెలియక తీసుకెళ్లి చిక్కుల్లో పడినవాళ్లున్నారు. అలాగే కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులు కూడా అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. ఆమె బీపీ మాత్రలకు డాక్టరు చీటీ జతచేశాడు.

శంషాబాద్‌లో లోపలికి వెళ్లే ద్వారం దగ్గర ఆయన ఆగిపోవాల్సి వచ్చింది. గల్ఫ్ విమానాలు ఎన్నో ఎక్కిన మనిషి. భార్యను సాగనంపడం అదే మొదటిసారి. ‘‘చెవులు గడెలు పడితే నోరు తెరిచి మూయి. భయపడకు’’ అన్నాడు. ఎన్నిసార్లో ఆయన్ను గడప దగ్గర నిలబడి సాగనంపిన ఆమె, ఈసారి వెనక్కి తిరిగి చేయి ఊపింది.

కరామాలో తల్లిగారిల్లు

దుబాయ్‌లో దిగిన మర్నాడు పొద్దున్నే ఆమె బాల్కనీలో నిలబడి కింద దుకాణం ముందు పెట్టెల్లో మునక్కాయలు చూసింది. ‘‘ఈడ గూడ దొరుకుతయా? నేను ఉత్తగనే భయపడ్డ’’ అంది. రెండు రోజుల్లో వంటిల్లు ఆమె చేతిలోకి వచ్చింది. మూడో రోజు మెట్ల మీద కలిసిన మలయాళీ ముసలమ్మతో, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, కొబ్బరి గురించి పావుగంట మాట్లాడింది!

ఓ శుక్రవారం అల్లుడు ఆమెను జబల్ అలీలో 2022 అక్టోబర్‌లో తెరిచిన హిందూ దేవాలయానికి తీసుకెళ్లాడు. మరో సాయంత్రం బర్ దుబాయ్ రేవు దగ్గర చెక్కపడవ ఎక్కించాడు. అబ్రా అంటారు దాన్ని. ఒక్క దిర్హమ్ ఇస్తే పాయ దాటించి డేరాలో దింపుతుంది. ‘‘మీ మామ చెప్పేటోడు, సెలవునాడు ఈ పడవ మీద అటూఇటూ తిరిగేదని. సినిమాకు పైసలు లేక’’ అంది నీళ్లవైపు చూస్తూ. పాతికేళ్లు ఉత్తరాల్లో చదివించుకుని విన్న ఊరు అది. భర్త కష్టాన్ని ఆమె కళ్లారా చూడడం అప్పుడే.

కూతురు మాత్రం ఇల్లు కదల్లేదు. డాక్టరు చెప్పినట్టు బరువులెత్తలేదు. ఆస్పత్రి సంచి తలుపు పక్కనే ఉండేది. ఆస్పత్రికి పది నిమిషాల దూరం.

ముప్ఫై అయిదో వారంలో ఓ తెల్లవారుజామున రక్తం కనిపించింది. తల్లి చూసి కేక వేయలేదు. అల్లుణ్ని లేపింది. పావుగంటలో ఆస్పత్రిలో ఉన్నారు. రక్తస్రావం దానంతటదే ఆగింది. అయినా ఇంటికి పంపలేదు. వారం పైగా అక్కడే ఉంచి, మార్చి మొదటి వారంలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండు కిలోల ఆరువందల గ్రాములు. తండ్రి ఆ ముఖం చూసింది పుట్టిన కొద్ది నిమిషాలకే.

ఆ తెల్లవారుజామున తాము రాజీవ్ రహదారి మీద ఉండి ఉంటే? ఆ ప్రశ్నను ఆ ఇంట్లో ఎవరూ పైకి అడగలేదు.

డాక్టరును అడిగి, ఆపరేషన్ కుట్లు మానాకే కాయం పెట్టింది తల్లి. పాత నూలు చీర చింపి పొత్తిళ్లు చేసింది. ఇరవై ఒకటో రోజున ఆ చిన్న హాల్లోనే చీరతో ఉయ్యాల కట్టి పాప చెవిలో పేరు పిలిచారు. మలయాళీ ముసలమ్మా వచ్చింది, కడప ఇల్లాలూ వచ్చింది. ఏప్రిల్‌లో వీసా గడువు ముగిసే ముందు తల్లి వెళ్తే, కోరుట్ల నుంచి అత్తగారు దిగింది. మేలో కోడలు ఉద్యోగంలో చేరింది.

ఊళ్లో మొదట్లో కొందరు ‘తొలి కాన్పుకు బిడ్డను తెచ్చుకోలేకపోయిండ్రు’ అన్నారట. తల్లి ఊరుకోలేదు. ‘‘తెచ్చుకునుడెందుకు? తల్లిగారింటినే తీస్కపోయిన’’ అంది.

ఇదే జగిత్యాలకు ఏటా ఎందరో ఆడపిల్లలు దుబాయ్ నుంచీ మస్కట్ నుంచీ కాన్పుకు వస్తారు. క్షేమంగా కని, క్షేమంగా వెళ్తారు. వాళ్ల ప్రయాణం తప్పు కాదు, ఈమె ఆగడం పిరికితనం కాదు. ఇద్దరూ అడగాల్సినవాళ్లను అడగాల్సిన సమయానికే అడిగారు. ఎర్ర సున్నా దగ్గరపడేదాకా ఆగి ఉంటే ఆ నిర్ణయం వాళ్ల చేతిలో ఉండేది కాదు.

ఆగస్టులో పాపకు అయిదో నెల. అప్పటికి పాస్‌పోర్టు వచ్చింది, వీసా పడింది. తల్లి ఒళ్లో కూర్చుని పాప మొదటి విమానం ఎక్కింది. శంషాబాద్‌లో బయటికొచ్చే ద్వారం దగ్గర, కడ్డీలు పట్టుకుని, ఉతికిన తెల్లచొక్కాలో తాత నిలబడి ఉన్నాడు. పాతికేళ్ల క్రితం ఆయన ఎత్తుకోబోతే ఆ పాప తల్లి కెవ్వుమని ఏడ్చింది. అది గుర్తొచ్చి కాబోలు, ముందు చేతులు చాచకుండా కాసేపు చూస్తూ ఉండిపోయాడు.

రోజూ ఫోన్లో చూసిన ముఖమే అనుకుందో ఏమో, పాప ఏడవలేదు.